గొడుగుగుడ్డ పారాచూట్

శిక్షణ కేంద్రంలో ఆ పిల్లను అందరూ గొడుగు అనేవాళ్ళు. పాత గొడుగుల గుడ్డ విప్పి, ఎనిమిది ముక్కలు కత్తిరించి, తమ బ్యాచ్ రాకెట్టుకు పారాచూట్ చేసింది మరి. కత్తిరింపు ఆమెది, కుట్టు వాళ్ళమ్మది. వాళ్ళమ్మ స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి. అతుకు అతుకుకూ రెండేసి వరసలు కుట్టి, "నీ బలమంతా పెట్టి లాగవే, చూద్దాం" అని పందెం కాసింది. ఎంత లాగినా అతుకు ఊడక గొడుగు నవ్వేసింది.

యువతకు డ్రోన్లూ రాకెట్లూ నేర్పి ఆకాశమంత ఉద్యోగాలకు తయారు చేస్తామని ఆ కేంద్రం చెప్పుకునేది. హాలు గోడ మీద ఇంతేసి అక్షరాలతో ఒక నియమం రాసి ఉండేది. "అనుమానం వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి. ప్రయోగం ఆగుతుంది. ఎందుకెత్తావని ఎవరూ కోప్పడరు." వచ్చిన ప్రతి అతిథినీ డైరెక్టరుగారు ఆ గోడ ముందే నిలబెట్టి ఫోటో తీయించేవారు. గోడకు రాయించినంత మాత్రాన మనిషికి ఎక్కాలని ఎక్కడుంది!

కోర్సు చివరి రోజు ప్రయోగం. గొడుగుకు కావలసింది డైరెక్టరుగారి సిఫార్సు ఉత్తరం ఒక్కటే. అది లేకపోతే ఏరోస్పేస్ డిప్లొమాలో సీటు రాదు. ఉత్తరం టైపు చేసి, సంతకం పెట్టి, ఆయన సొరుగులో సిద్ధంగా ఉందని అందరికీ తెలుసు.

ఆ పొద్దున పారాచూట్ మడవబోయి గొడుగు నోరెళ్ళబెట్టింది. నల్లటి గుడ్డ మీద అడ్డంగా, దళసరిగా తెల్ల పెయింటు. విరాళమిచ్చిన కంపెనీ పేరు! ఆ కంపెనీ యజమానే ఆనాటి ముఖ్య అతిథి. ముందురోజు సాయంత్రం డైరెక్టరుగారు బోర్డులు రాసే అతన్ని పిలిపించి రాయించారట. కుట్టినవాళ్ళను అడిగారా? మడిచేవాళ్ళను అడిగారా? ఎవరినీ అడగలేదు. అంటుకోకుండా గొడుగు పౌడరు చల్లి మడిచి, మళ్ళీ విప్పబోయింది. పొరకు పొర అంటుకుపోయి రానంది.

"ఇంకా ఆరలేదు సార్. ఇది తెరుచుకోదు. రేపటికి ఇంకోటి కుట్టుకొస్తాం" అంది డైరెక్టరుగారితో.

"అతిథి ఇవాళ వస్తుంటే రేపేంటమ్మా? ఎండ ఉందిగా, అదే ఆరుతుంది" అని ఆయన దాన్ని తన చేత్తోనే రాకెట్టులో కుక్కారు.

మైదానంలో టెంటు కింద చిన్న బ్యాచ్ పిల్లలు, ముందు వరసలో అతిథి. పదీ తొమ్మిదీ అని లెక్క మొదలవగానే గొడుగు చెయ్యెత్తింది.

లెక్క ఆగింది. "ఏమైంది?" అన్నాడు అతిథి.

"ఏం లేదండీ, పిల్లకు భయం. మొదటిసారి కదా" అని నవ్వి, డైరెక్టరుగారు పళ్ళు బిగించి ఆమె పక్కకు వచ్చారు. "దించు. పెద్దవాళ్ళ ముందు ఏంటీ వేషాలు?"

"మీరే కదా సార్ ఎత్తమన్నారు."

ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. చివరికి ఆయనే దాన్ని పట్టుకుని కిందికి లాగారు. గోడ మీద రాయించిన మనిషే లాగారు. అక్కడ అన్నీ తెలిసిన ఇన్‌స్ట్రక్టర్లు నలుగురున్నారు, నలుగురూ అతిథికి దారి వదిలి పక్కకు జరిగారు. అతిథి మీట నొక్కాడు.

రాకెట్టు జోరుగా పైకెళ్ళింది. చప్పట్లు మోగాయి. పైన ముక్కు ఊడింది, పారాచూట్ బయటికొచ్చింది, ముద్దలా అలాగే వేలాడింది. రాకెట్టు నిటారుగా కిందికి దూసుకొచ్చి, టెంటు గుడ్డను చీల్చి, ఒక ప్లాస్టిక్ కుర్చీలో దిగబడింది. సరిగ్గా కనబడడం లేదని ఆ వరస పిల్లలు అంతకుముందే లేచి తాడు దగ్గరికి పరుగెత్తారు కాబట్టి సరిపోయింది. లేకపోతే?

గంట తర్వాత ఆఫీసు గదిలో డైరెక్టరుగారు ఆమె ముందు రెండు కాగితాలు పెట్టారు. ఒకటి సిఫార్సు ఉత్తరం. రెండోది వైఫల్య నివేదిక. అందులో కారణం అప్పుడే రాసేసి ఉంది: పారాచూట్ కుట్టులో లోపం.

"ఇక్కడ సంతకం పెట్టు, ఇది తీసుకెళ్ళు. కుట్టిందెవరో నేను అడగను, నువ్వు చెప్పకు" అన్నారు, మహా దయతో.

గొడుగుకు ఒళ్ళు మండిపోయింది. కలం తీసుకుని ఆ వాక్యం కొట్టేసింది. "పెయింటు ఆరలేదు. ప్రయోగానికి ముందే చెప్పాను. నా చెయ్యి దించేశారు" అని రాసి, దాని కింద సంతకం పెట్టింది. డైరెక్టరుగారు చదివి, ఉత్తరాన్ని సొరుగులోకి తోసి తాళం వేశారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మిషను మీద ఉంది. కూతుర్ని చూడగానే కాలు ఆపింది.

"ఇచ్చారా?"

"లేదమ్మా. నీ కుట్టు తప్పని ఒప్పుకుంటేనే ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు."

అమ్మ కాసేపు కాలర్ ముక్కను వేళ్ళతో సవరించింది. అందులో సవరించడానికేమీ లేదు.

"పిచ్చిదానా, ఒప్పేసుకోవాల్సింది" అంది మెల్లగా. "నా కుట్టుదేముంది, ఎవరేమన్నా పడతాను. నీకు సీటొచ్చేది కదే."

పొద్దుటి నుంచీ వచ్చిన కోపమంతా ఒక ఎత్తు, ఇప్పుడు వచ్చింది ఒక ఎత్తు. పెయింటు పూసినందుకు కాదు, చెయ్యి లాగినందుకు కాదు, సొరుగుకు తాళం వేసినందుకు కూడా కాదు. జీవితంలో ఒక్క కుట్టు తప్పని మనిషి చేత ఆ మాట అనిపించినందుకు డైరెక్టరుగారిని గొడుగు ఈ జన్మకు క్షమించదలచుకోలేదు.