సగం సాక్ష్యం

ఆదివారం ఇంటి ప్రార్థనలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ వచ్చిందంటే షీనా నోరు ఊరుకోదు. ఆ ఒక్కరోజు ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది!

దేశం దాటి వచ్చి, పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో ఒక ముసలివాళ్ల హోమ్‌లో షీనా నర్సుగా చేరింది. భర్త షాలెం అతిజాగ్రత్త మనిషి. మిగిల్చినదాంట్లో ఎక్కువ భాగం ఇండెక్స్ ఫండ్‌లో పెట్టాడు. "సంతలో ప్రతి కొట్టులోనూ మనకి పిసరంత వాటా అన్నమాట. ఒకటి మూతపడినా మిగతావి నిలబడతాయి" అన్నాడు. షీనా ముచ్చటపడిందని, కొద్ది డబ్బుతో ఆమె పనిచేసే హోమ్ కంపెనీ షేర్లు కూడా కొన్నాడు. ఏటా ఈస్టర్‌కి చూసుకుని, షేర్లు మరీ పెరిగితే కొన్ని అమ్మి ఫండ్‌లో కలపాలని ఇద్దరూ అనుకున్నారు.

రెండువేల ఏడు ఈస్టర్‌కల్లా ఆ షేరు రెట్టింపైంది. షీనా ఆగుతుందా? లేచి నిలబడి, "నేను చాకిరీ చేసే చోటే దేవుడు నన్ను ఆశీర్వదించాడు. మా షేరు రెట్టింపైంది" అని కళ్లనీళ్లతో సాక్ష్యమిచ్చింది. అందరూ ఆమెన్ అన్నారు. ఫండ్ ఊసే ఎత్తలేదు. నత్తలా పాకేదాని గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా?

మర్నాడు షాలెం కొన్ని అమ్మేద్దామంటే ఒంటికాలి మీద లేచింది.

"సాక్ష్యం చెప్పిన నోటితో అమ్మమంటారా? దేవుడి మీద నమ్మకం లేనట్టు ఉండదూ?"

షాలెం షేర్ల కాగితాలు మళ్లీ బీరువాలో పెట్టేశాడు. పెళ్లాం, దేవుడు ఒకవైపుంటే ఏ మగాడు గెలుస్తాడు లెండి!

మరుసటి ఏడాది మార్కెట్ కూలింది. ఫండ్ బాగా తగ్గింది గానీ బతికే ఉంది. హోమ్ కంపెనీ దివాలా తీసి, దాని షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. హోమ్‌ని వేరేవాళ్లు కొనుక్కున్నారు కాబట్టి షీనా ఉద్యోగం నిలిచింది. మన కొంప మునగలేదులే అని షాలెం అంటే ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఆ శనివారం మేరమ్మ ఆంటీ సమాధుల తోటకి తీసుకెళ్లమంది. ఈ దేశం వచ్చిన కొత్తలో షీనా వాళ్లకి అన్నం పెట్టిన మనిషి. భర్త దేవపాల్ పోయాక, ఆయన సమాధికి రాయి పెట్టించడానికి లాండ్రీలో మోకాళ్లు అరిగేదాకా పనిచేసి మొన్ననే మానేసింది. సమాధి మీద ఇంకా చెక్క శిలువే ఉంది.

"రాయి ఎప్పుడు పెట్టిస్తున్నారాంటీ?"

"ఇంక రాయెక్కడిదే తల్లీ! నీ సాక్ష్యం విన్న వారమే ఆ డబ్బంతా మీ హోమ్ షేర్లలోనే పెట్టాగా. రెట్టింపైతే మీ అంకుల్‌కి మంచి నల్లరాయి, దాని మీద తెలుగులో వాక్యం... ఆశపడ్డానే."



"అంతా పెట్టేశారా? మేం కొంచెమే పెట్టామాంటీ! మిగతాదంతా ఫండ్‌లో..." అని నాలుక కరుచుకుంది. "రాయి మేం పెట్టిస్తాం. కాదనకండి."

"వద్దమ్మా. నా కష్టంతోనే పెడతానని ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చా."

షీనా ఏడ్చేసింది. మేరమ్మకి కోపం రాలేదు, అదే షీనాకి భరించరానిదైంది. ముసలావిడ వంగి, చెక్క మీద వాన తడిని శాలువాతో తుడిచింది. పేరు సగం వెలిసిపోయి ఉంది.

"ఆ ఫండ్ సంగతి కూడా ఆ రోజే చెప్పకపోయావా తల్లీ" అంది మెల్లగా. "నువ్వేం చెబితే అదే చేసేదాన్ని కదే."