రెండు దండాలు

నమ్మకంతో మింగిన మాత్ర పనిచేయకపోతే తప్పు మాత్రదా, నమ్మకానిదా? దర్జీని మూడేళ్లుగా తొలుస్తున్న సందేహమిది. హెచ్‌ఐవీ మందు ఒక్క రోజూ మానలేదు. అయినా రక్తంలో వైరస్ తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎగబాకేది. అది పూర్తిగా అణిగేదాకా, జబ్బు సోకని భార్యతో బిడ్డ ఆలోచన పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది.

ఆసుపత్రిలో బుధవారం పద్ధతి వేరు. మొండికేసిన కేసు ఉంటే డాక్టరమ్మ, నర్సు, రోగులకు ధైర్యం చెప్పే కౌన్సెలరు, మందులిచ్చే పెద్దాయన ఒకే బల్ల చుట్టూ చేరతారు. రోగినీ, ఇంటివాళ్లనీ పక్కనే కూర్చోబెట్టుకుంటారు.

"మందు మార్చేద్దాం," అంది డాక్టరమ్మ.

"మాత్రల లెక్క సరిపోతోంది మేడం. మానట్లేదు," అంది నర్సు.

కౌన్సెలరు దర్జీ వైపు తిరిగింది. "తమ్ముడూ, ఇంట్లో ఎలా వేసుకుంటావో అలాగే చేసి చూపించు."

భార్య సంచిలోంచి మాత్రలు తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను కళ్లు మూసుకుని, ఎదురుగా దేవుడి పటం ఉన్నట్టే దండం పెట్టి, అన్నీ ఒకేసారి నోటిదాకా తెచ్చాడు.

"ఆగాగు!" పెద్దాయన కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆ తెల్లది ఏంటయ్యా?"

"కడుపుమంటకండీ. వీధి చివర షాపులో కొంటా. అన్నిటికీ కలిపి ఒకే దండం..."

"దండం బాగానే ఉంది! ఆ తెల్లది అసలు మందుని కడుపులోనే కట్టిపడేస్తోంది. ఒంటికి పట్టనిస్తేగా!"

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "నేను రాసింది కాదుగా, నా కాగితాల్లో ఎక్కడుంటుంది?"

దర్జీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"పొద్దున ఇది, సాయంత్రం అది," తేల్చేశాడు పెద్దాయన.

"మరి దండం రెండుసార్లా?"

"ఏం, దేవుడు విసుక్కుంటాడా?" కౌన్సెలరు నవ్వింది.

ఆరు నెలల్లో రెండు పరీక్షలు చేశారు. రెండో కాగితం చూస్తూనే డాక్టరమ్మ గొంతు పెంచింది. "ఈసారీ వైరస్ కనబడలేదు! ఇక బిడ్డ సంగతి చూసుకోండి!"

నర్సు చప్పట్లు కొట్టింది. దర్జీకి కాళ్లు నేల మీద ఆనలేదు.

బయటికొచ్చాక భార్య మోచేత్తో పొడిచింది. "ఊళ్లో అందరికీ కుడతారు. ఆరేళ్ల కిందట, పెళ్లైన నెలలో నాకు కుడతానన్న జాకెట్టేదండీ? పిల్లలు పుడితే కొలతలు మారతాయి, అప్పుడు చూద్దామన్నారు."

"మరి ఇంకొన్నాళ్లు ఆగితే..."

"ఆగను. ఇప్పుడే కుట్టండి. త్వరగా బిగుతవ్వాలి!"

దర్జీ ఇంటికి వెళ్తూనే గిరాకీల గుడ్డలన్నీ పక్కకు నెట్టేశాడు. ఆరేళ్ల బాకీ ఆ పూటే తీరిపోయింది. బిగుతైనప్పుడు విప్పుకునేలా పక్క కుట్ల లోపల రెండేసి వేళ్ల గుడ్డ వదిలి మరీ కుట్టాడు.