ఆ పన్నెండు రోజుల చీమలు

ఉప్పుగాలి. వెల్ల వేసిన మట్టిగోడ. గోడ మీద సన్నగా ఒక నల్లగీత...

కదిలే గీత.

ఏడేళ్ళయింది. ఆ గోడ ఇప్పుడు లేదు. గీత మాత్రం కళ్ళలో నడుస్తూనే ఉంది.

అరవై ఒకటి వేసవి. నెల్లూరులో బి.ఎస్సీ. పరీక్షలు రాసి మా ఊరు వాకాడు వచ్చాను. మా ఇంట్లో పలక పట్టింది నేనొక్కడినే. లెక్చరరు సంజీవరావు గారు ఒక నోటుపుస్తకం ఇచ్చి పంపారు. బాట కిక్కిరిస్తే చీమ నడక తగ్గుతుందా? చూసి రాయమన్నారు. బాగా రాస్తే పై చదువు సీటుకు సిఫారసు ఉత్తరం ఇస్తానన్నారు.

గోడ మీద బొగ్గుతో రెండు గుర్తులు. మధ్య మూరెడు దూరం. చేతిలో అడిగి తెచ్చుకున్న గడియారం.

గుర్తు దాటే చీమలెన్ని, ఒక చీమ ఆ మూరెడు నడవడానికి ఎన్ని సెకన్లు — రెండూ రాసేవాణ్ణి. నిమిషానికి నలభై. నిమిషానికి ముప్ఫై ఆరు.

ఎదురయ్యేవి. మూతులు తాకించుకునేవి. తప్పుకునేవి. సాగిపోయేవి...

ఎండలు ముదిరాయి. బారు పలచబడింది. ఇరవై. పదకొండు.

నాకు అన్నం సయించలేదు.

అక్క చూసింది. ఆదిశేషమ్మక్క — నాట్లు వేసి, కోతలు కోసి నన్ను చదివించిన మనిషి.

మర్నాటి నుంచి బారు చిక్కబడింది. డెబ్భై. ఎనభై. తొంభై ఆరు.

పన్నెండు రోజులు — నాకు పండగే.

పదమూడో రోజు పొద్దున చూశాను. గోడ మొదట్లో అక్క వంగి ఉంది. నారుమడిలో వడ్లు చల్లినట్టు, కొంగులోని నూకలు చల్లుతోంది.

“తక్కువైనాయని దిగులు పడితివి గదా అబ్బయా. ఎక్కువ పండితేనే గదా ఎవురైనా మెచ్చుకునేది.”

ఎకరాకు ఎన్ని పుట్లు? ఆమెకు తెలిసిన లెక్క అదొక్కటే.



ఆ పూటే పుస్తకంలో రాశాను. ‘ఈ పన్నెండు రోజులూ మా అక్క నూకలు వేసింది.’ రాయకపోతే ఎవరికీ తెలియదు.

రాశాను.

నెల్లూరు వెళ్ళి పుస్తకం ఇస్తే, సంజీవరావు గారు ఆ వాక్యం దగ్గర ఆగారు. నిజం రాశావు, మంచిదే అన్నారు. ఆ పన్నెండు పేజీలూ ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. మిగిలినవి చాలవన్నారు.

ఉత్తరం ఇవ్వలేదు.

తిరుగు బస్సులో పుస్తకమంతా తిరగేశాను. నిమిషానికి పదకొండు చీమలు నడిచిన రోజు మూరెడు బాటకు ఇరవై సెకన్లు. తొంభై ఆరు నడిచిన రోజూ — ఇరవయ్యే.

ఒక్క చీమా నడక తగ్గించలేదు.

సారు అడిగింది అదే. జవాబు అక్క చల్లిన రోజుల్లోనే ఉంది. బస్సు దిగి వెనక్కి వెళ్ళి చెప్పాలనిపించింది. ధైర్యం చాలలేదు.

అక్క వాకిట్లో నిలబడి ఉంది. లెక్కలు సరిపోయినాయా అని అడిగింది.

“సరిపోయినాయక్కా.”

ఆమె ముఖం వెలిగింది.

“ఇంకా కావాలంటే చెప్పబ్బయా... నూకలుండాయి.”