సున్నం కింద సూర్యుడు

గోడలు తెల్లగా ఉండాలని హుకుం రాసిన పెద్దలారా, సూర్యుణ్ణి చెరిపింది మీరు. ఆ తప్పు సున్నం వేసిన గౌస్ మీదికి నెట్టకండి.

మా ఊరి బడి కప్పులో పెంకు పగిలి రూపాయంత కంత పడింది. హెడ్మాస్టరు మూయించబోతే కిష్టప్ప సారు అడ్డుపడ్డాడు. "ఉండనీయుర్రి. దీంతోటే పిల్లలకు ఆకాశం సూపిస్త" అన్నాడు. బడి గడియారం పన్నెండు కొట్టగానే కంతలోంచి పడిన ఎండ చుక్క చుట్టూ బొగ్గుతో గీత, పక్కన తేదీ. ఏడాది పొడుగునా ఇదే పరిశోధన. గీసేది గౌస్ కూతురు షంషాద్.

దసరా తర్వాత చుక్క నేల విడిచి గోడెక్కింది. పుష్యానికి షంషాద్ తల దాటి, ఆగి, దిగసాగింది. ఎక్కిన దారిన కాదు, జానెడు ఎడంగా.

"సూర్యుడు తొవ్వ తప్పిండా, నువ్వు తప్పు గీసినవానే?" పిల్లలు వెక్కిరించారు.

"ఎవ్వరూ తప్పలే. సూర్యుడు గడియారం లెక్క సమంగ నడువడు. ఇంకా ఎనిమిది నెలలు గియ్యుర్రి. ఆయన నడక మొత్తం దొరుకుతది" అన్నాడు సారు.

గౌస్‌కు అక్షరం రాదు. బిడ్డతో ఒకటే మాట అన్నాడు: "బడి తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టర్ సాబ్ నీ పని సూసి శాబాష్ అంటే సంగారెడ్డి బడికి పంపుత. లేకుంటే ఇగ బస్, ఇంట్ల ఉండు."

ఇన్‌స్పెక్టరు రావడానికి ముందురోజు బడికి సెలవు. సారు పనిమీద జోగిపేట పోయాడు. హెడ్మాస్టరు గౌస్‌ను పిలిపించాడు. "గోడలు తెల్లగ ఉండాలని పైనుంచి హుకుం. ఆ బొగ్గు గీతలు కనపడొద్దు." ఆ గీతలే బిడ్డ పనని గౌస్‌కు తెలియదు. బడి మెరిస్తే బిడ్డ పేరు నిలుస్తుందని ఒక పూతకు రెండు పూతలు వేశాడు. కంతకు కొత్త పెంకు కూడా తనే తెచ్చి కప్పాడు.

తెల్లారి బిడ్డను గోడ ముందు నిలబెట్టాడు. "అద్దం లెక్క లేదూ? బొగ్గు తేలకుండ గట్టిగ కొట్టిన."

"అబ్బా, నా సూర్యుడేడి?" అని తండ్రిని అడిగింది షంషాద్.

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చేతిలో కుంచె ఉంది, గుమ్మంలో ఇన్‌స్పెక్టరు ఉన్నాడు.

"ఈ గోడ మీద సూర్యుని దారి ఉండె" అన్నాడు కిష్టప్ప సారు.

"ఏదీ?" ఇన్‌స్పెక్టరు నవ్వాడు.

షంషాద్ గోళ్లతో సున్నం గీకింది. హెడ్మాస్టరు చేతిమీద కొట్టాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో రాసిపోయాడు: పరిశుభ్రత బాగున్నది.

శాబాష్ ఎవరూ అనలేదు. మర్నాటి నుంచి షంషాద్ తండ్రి వెంట సున్నం కలుపుతోంది. కుండ మీంచి తల ఎత్తడం లేదు. "నేనే ముంచిన" అంటాడు గౌస్. కాని మాట మార్చుకోడు.

గోడమీద పోయిన నెలలు ఇక రావు. అయినా ఆ పెంకు తీయండి. రాసిన మెప్పు కొట్టేసి, ఇన్‌స్పెక్టరు గౌస్ ఇంటికి నడిచి వచ్చి ఆ శాబాష్ చెప్పాలి. షంషాద్ చేతికి బొగ్గు ఇవ్వండి. రేపు పన్నెండు కొట్టకముందే.