గాజుగదిలో ఇంజినీరు

నెల్లూరు మునిసిపాలిటీ ఇంజినీరు హెబ్రోను గారు 1962లో ఆరు నెలల శిక్షణకు ఫిన్లాండు వెళ్లివచ్చారు. అక్కడ ఆయన ఉన్న పట్నంలో ఏడాదిలో సగం రోజులు మంచే. రోడ్లు వెడల్పు చేయాలా, బస్సులు పెంచాలా అని ఆ ఊరివాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుని చివరికి బస్సులవైపే మొగ్గారు. చలిలో నిలబడలేకే జనం కార్లు కొంటున్నారని గ్రహించి, బస్సు ఆగే ప్రతిచోటా గాజుగదులు కట్టారు. గాలి చొరబడదు, ఎండవేడి లోపలే నిలుస్తుంది. హెబ్రోను గారికి ఆ ఆలోచన తెగ నచ్చింది.

తిరిగి రాగానే కావలి వైపు పోయే బస్సుల స్టాపులో అలాంటి గది ఒకటి కట్టించారు. జనవరిలో ప్రారంభోత్సవం. పొద్దుటి మంచులో లోపల వెచ్చగా ఉందని కౌన్సిలర్లందరూ మెచ్చుకున్నారు.

ఏప్రిల్ వచ్చేసరికి అందులో కాలు పెట్టినవాడు లేడు. జనమంతా ఎదురుగా ఉన్న మౌలా సైకిల్ షాపు పందిరి కింద చేరారు. మౌలాకు పంక్చర్ వేసుకునే చోటు కూడా మిగల్లేదు. హెబ్రోను గారు మాత్రం జనానికి ఇంకా అలవాటు కాలేదనే అనుకున్నారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం తనిఖీకి వచ్చి చూస్తే గది నిండా చేపలు! జువ్వలదిన్నె నుంచి వచ్చే నాగులమ్మ, అమ్ముడుపోని చేపలకు ఉప్పు పట్టించి బెంచీల మీద పరిచింది.

"ఎవరు ఆరబెట్టమన్నారమ్మా ఇక్కడ?"

"కాకులు రావు, కుక్కలు రావు. బస్సొచ్చేలోపల గలగలా ఎండిపోతాయి. ఇంత బాగా కట్టించినారే, చేపలకే అనుకున్నా సార్."

"ఇది మనుషులు కూర్చోడానికి!"

"యా మనుసులు సార్?" అని ఆమె నిజంగానే చుట్టూ చూసింది.

హెబ్రోను గారికి రోషం వచ్చింది. చేపలు పక్కకు జరిపి, కోటు గుండీ కూడా విప్పకుండా కూర్చున్నారు. బస్సు వచ్చేదాకా లేవనన్నారు. ఆ బస్సు కావలి నుంచి తిరిగొస్తూ కొడవలూరు దగ్గర టైరు పగిలి ఆగిపోయిన సంగతి ఆయనకు తెలియదు.

పావుగంటకు ముఖం ఎర్రబడింది. అరగంటకు చెమటకు కళ్లద్దాలు జారిపోయాయి. మౌలా వచ్చి తలుపు కొట్టాడు.

"మీకు దండం పెడతా సార్, బయటికి రాండి."

ఆయన తల అడ్డంగా ఊపారు.

నాగులమ్మ తొంగిచూసి, "కొంచెం అట్టా తిరిగి కూసోండి సార్, ఒకపక్కే ఎండతా ఉండారు" అంది ఎంతో దయగా.

ఆ మాటకు ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ లేవబోయి తూలిపడ్డారు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని పందిరి కిందికి తెచ్చి, తలమీద నీళ్లు పోసి, మజ్జిగ తాగించారు. తూర్పు నుంచి సముద్రపుగాలి తగిలింది. కళ్లు తెరిస్తే చుట్టూ పాతికమంది ప్రయాణికులు.

"మీరంతా రోజూ ఇక్కడేనా?"

"యాడ నీడుంటే ఆడే గదా సార్," అన్నాడు మౌలా.

ఆ దేశంవాళ్లు తమ చలిని చూసి గది కట్టుకున్నారు. తాను వాళ్ల గదిని చూసి గది కట్టినట్టు హెబ్రోను గారికి అప్పుడు అర్థమైంది.

మరుసటి వారమే గాజు ఊడదీయించి, తూర్పువైపు తెరిచి, పైన తాటాకు కప్పించారు.

"తాటాకు పందిరి వేసేదానికి ఫిన్లాండు దాకా పోవాల్నా?" అన్నాడొక కౌన్సిలరు.

"పోయొస్తే చాలదండీ. వచ్చినాక మే నెలలో అరగంట కూర్చోవాల," అన్నారాయన.

కొత్త పందిరి అందరికీ నచ్చింది. బస్సు డ్రైవరుకు మరీ నచ్చింది. దిగి బెంచీ మీద నడుం వాల్చేవాడు, ఎవరు లేపినా లేచేవాడు కాదు. బస్సు రోజూ అరగంట ఆలస్యంగా కదులుతుంటే, హెబ్రోను గారు దాని మీద కొత్త నివేదిక రాయడానికి కూర్చున్నారు.