చెంప యెరిగిన నురుగు

వైశాఖమాస మధ్యాహ్నమున పడమటిగాలి ఏలూరు కాలువగట్టునందలి ధూళినెల్ల పైకెత్తి వీథులలో విసరుచుండెను. కాలువనీరు కరగిన సీసమువలె కదలక మెరయుచుండెను. జట్కాగుర్రములు దొరకిన నీడలో తలలు వాల్చి నిలిచియుండెను. దండెముపై వేసిన తడివస్త్రము వేసినచేయి దించులోపలనే యెండుచుండెను. అట్టి కాలమున కడు వ్యథనొందువాడు క్షురకుడు. ఏలయన పురుషుని చెక్కిలిపై పూసిన సబ్బునురుగు కత్తి చేరుటకు ముందే యారి పొరలువారును. ఆరిన నురుగుపై కత్తి గీరును. గీరుకొన్న చెంప మరల నా కుర్చీకి రాదు.

వంతెనప్రక్కనున్న క్షౌరశాలలో రెండు కుర్చీలు మాత్రమే కలవు. మొదటిది యజమానియగు కోటిలింగముది. రెండవది అతని బావమరది వీరాస్వామిది. కోటిలింగము ముప్పది యేండ్లుగా ఇత్తడిగిన్నెలో గట్టిసబ్బుబిళ్ల నుంచి దానిపై తడికుంచెను త్రిప్పి నురుగు తీయుచుండెను. సబ్బులో మరియొకటి కలుపుట పాలలో నీరు కలుపుటవంటిదని యాతని మతము. విశ్రాంత ప్రధానోపాధ్యాయులగు చలపతిరావుగారు ఇరువది యేండ్లుగా దినము విడిచి దినము ఆ మొదటి కుర్చీలోనే గడ్డము గీయించుకొనుచుండిరి. ఆయన తల వెనుకకు వాల్చి కన్నులు మూసికొను నా క్షణమునందు కోటిలింగమునకు తాను జన్మించినందులకు ఫలము దొరకినట్లు తోచెడిది. ఈ మాట అతడెవ్వరికిని చెప్పలేదు. తనకు తానైనను చెప్పుకొనలేదు.

చైత్రమున నొకనాడు ఆయన లోనికి వచ్చి, మొదటి కుర్చీయెదుట నొకింత తడవు నిలిచి, రెండవదానివైపు నడచిరి.

"ఏమీ అనుకోకు కోటిలింగం. మొన్న నువ్వు ఊళ్లో లేనప్పుడు వీడి చేత గీయించుకున్నాను. ఆ నురుగు చివరిదాకా వెన్నలా నిలిచిందోయ్. ఈ వయసులో చెంపలు మాట వినవు."

"అనుకోడానికేముంది మాస్టారూ, ఏ కుర్చీ అయినా మన కుర్చీయే" అని కోటిలింగము నవ్వెను. ఆ నవ్వు ఆతని ముఖముపై సాయంకాలమువరకును ఆరిన సబ్బువలె అంటుకొనియుండెను.

అటుపిమ్మట అతని చెవులు అతని యధీనమున లేకపోయెను. ప్రక్కగిన్నెలో కుంచె తిరుగు మెత్తనిచప్పుడు వినబడినంతనే తనచేతిలోని కత్తి బరువెక్కినట్లు తోచెడిది. అసూయాగ్రస్తుడు శత్రువును ద్వేషించుననుట లోకవాదము. కాని అతడు శత్రువును ధ్యానించును. ఇల్లాలి మాటలు వినని కోటిలింగము బావమరది యెన్ని త్రిప్పులు త్రిప్పెనో లెక్కించుచుండెను.

ఆ క్షౌరశాలలో ఒక యాచారము కలదు. క్షురకుడు తన కంఠమునకు తానే కత్తి పెట్టుకొనడు. మంగళవారము సెలవుగాన సోమవారము సాయంకాలము తలుపుపలకలు మూసి బావయు బావమరదియు నొకరి గడ్డ మొకరు గీయుదురు. చలపతిరావుగారు కుర్చీ మారిన మొదటి సోమవారమున కోటిలింగము సింహాచలము అప్పన్నకు గడ్డము మ్రొక్కితినని చెప్పి తప్పించుకొనెను. నాలుగు సోమవారములు గడచినవి. గడ్డము నెరసి పెరిగినది.

"మాకు గీసేవాడికే గడ్డం పెరిగితే మేం ఎవరికి చెప్పుకోవాలయ్యా?" అని జట్కావాండ్రు పరిహాసమాడిరి.

అతడు తన యద్దపుటంచున ప్రతిఫలించు వీరాస్వామి చేతులను దొంగచూపులు చూచి గ్రహించినది ఇంతమాత్రము: గట్టిసబ్బును చాకుతో సన్నముగా గీచి గిన్నెలో వేయును, గొట్టమునుండి కుంకుడుగింజంత క్రీము పిండును, వేడినీరు పోసి చిలుకును. మరునాడే కోటిలింగము పొరుగువీథిలో నెవ్వరును చూడకుండ ఒక క్రీముగొట్టమును కొనితెచ్చి, చలపతిరావుగారిని తన కుర్చీకి రమ్మని బతిమాలెను. నురుగు చాకిరేవు నురుగువలె పొంగినది. చూచుటకు పర్వతము. అయినను గట్టిసబ్బుకు పోయు నలవాటు చొప్పున నీరు పుష్కలముగా పోసినవాడగుటచే ఆ బుడగలు చెంపనంటినంతనే చిట్లి యారిపోయెను. కత్తి గీరినది. దవడక్రింద నొక యెర్రనిచుక్క పొడమెను.

చలపతిరావుగారు పటికముక్క నద్దించుకొని మెల్లగా ననిరి: "నీ చెయ్యి మంచిదే కోటిలింగం. నీ చూపే ఇక్కడ లేదు."

ఆ సోమవారము వీరాస్వామి పలకలు మూసి నీళ్లు కాచెను.

"మొక్కు తీరిందా బావా, ఇంకా బాకీ ఉందా?"

కోటిలింగము వచ్చి రెండవ కుర్చీలో కూర్చుండెను. వీరాస్వామి కత్తెరతో గడ్డము తగ్గించి, వేడిబట్ట కప్పి, నురుగు పూసెను. అది తడియారని మీగడవలె చెంపలపై మెత్తగా కూర్చుండెను. ఆ సుఖము కోటిలింగమునకు విషమువలె నుండెను.

"ఎక్కడ నేర్చావురా ఇది?"

"నీ చెంప మీదే."

"నా చెంప మీదా?"

"మాఘంలో గట్టిసబ్బుకి నీ చెంపలు దద్దురులెక్కేవి కదా. నువ్వేమో కుర్చీలో వాలగానే కునుకు తీసేవాడివి. సబ్బు తగ్గించి చూశాను, కత్తి పట్టేసింది. ఉత్త క్రీము పెట్టాను, జారిపోయింది. రెండూ కలిపి ఏడు సోమవారాలు తంటాలు పడ్డాను. ఓ రోజు లేచి, ఇవాళ మంట లేదురా అన్నావు. ఆ రోజు పాళ్లే ఇవి."

"నాకు చెప్పి ఏడవచ్చుగా."

"చెబితే కల్తీ గాడిదా అని తిట్టవూ?"

కోటిలింగము కన్నులు మూసికొనెను. సత్యము తెలిసినంతనే అసూయ నశించునని అతడాశించెను. నశింపలేదు. మునుపు వీని నురుగునకు మాత్రమే కుళ్లినవాడు ఇప్పుడు వీని మనస్సునకు కుళ్లసాగెను. అయినను ఆ వేదనయందు మునుపటి ద్వేషము లేదు. చేతికందని పండును చూచి యేడ్చు శిశువు దైన్యముమాత్ర ముండెను.

వంతు మారెను. వీరాస్వామి మొదటి కుర్చీలో తల వెనుకకు వాల్చెను. కోటిలింగము సబ్బు గీచి, క్రీము పిండి, చెంబెత్తెను.

"నీళ్లు తగ్గించు బావా" అని కన్నులు తెరవకయే బావమరది పలికెను.

చెంబు గాలిలో నిలిచిపోయెను. తన దొంగచూపులన్నియు వీనికి తెలియునన్నమాట. కోటిలింగము నాలుగు చుక్కలు మాత్రము విదిల్చి చిలికెను. కుంచెక్రింద నురుగు తొలిసారి మెత్తగా ముద్దకట్టెను. దానిని ఆ చెంపలపైనను కంఠముపైనను పూసి కత్తి చేబూనెను. పరుని నేర్పును దొంగిలింపవచ్చును. తన్ను చూచి కుళ్లినవాని కత్తికి కంఠమప్పగించి కన్నులు మూయుటను దొంగిలింపరాదు.

వెలుపల పడమటిగాలి పలకలను మోదుచుండెను. కోటిలింగము కత్తితో చాలసేపట్లే నిలిచియుండెను. నురుగు ఆరలేదు.