మా దుకాణంలో మెడ

మా కుట్టు దుకాణంలో మనుషులకు పేర్లుండవు. ఎవరు ఏ భాగం కుడితే అదే పిలుపు. గౌన్లకు చేతులు కుట్టే మా చెల్లెలు "చేతులు". నడుము పట్టీలు కుట్టే పెద్దాయన "నడుము". నేను మెడ. "మెడకి టీ ఇచ్చారా?" అని మేస్త్రి అరిస్తే కొత్తవాళ్లు బిత్తరపోయేవారు. మాకు మాత్రం అది బిరుదు. మెడ కుదరని గౌను ఎంత ఖరీదైన గుడ్డదైనా ఎవరూ తొడుక్కోరు. అందుకే ఆ కుర్చీ అందరికీ దక్కదు.

జన్మలో ఎవరికీ తల వంచని దాన్ని, మిషన్ ముందు మాత్రం మెడ వంచాను. చివరికి నరం పట్టేసింది. ఇక వంగొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. నా కుర్చీ చెల్లెలికిమ్మంటే మేస్త్రి పెదవి విరిచాడు.

"చేతులు కుట్టేది మెడేం కుడుతుందమ్మా? సోమవారం బయటినుంచి ఒకడొస్తున్నాడు."

"మెడకాయ మీద తలకాయ ఉన్నవాళ్లెవరైనా కళ్లముందున్న మనిషిని వదిలేసి బయట వెతుకుతారా? ఒక్క గౌను ఇచ్చి చూడండి!"

ఆయన కావాలనే గడ్డు పని ఇచ్చాడు. సాయంత్రం కచేరీలో పాడాల్సిన అమ్మాయి గౌను అది. జారిపోయే పట్టు, గొంతుదాకా మూసే మెడ. చెల్లెలు గుండుసూదులు పెట్టి ఆ అమ్మాయికి తొడిగిస్తే అతికినట్టు కుదిరింది. మేస్త్రి కూడా తలూపాడు. చెల్లెలికి మాత్రం అది చాల్లేదు.

"ఒక్కసారి పాడండి," అంది ఆ అమ్మాయితో.

"ఇక్కడా?"

"ఇక్కడే. బాగా పైకెత్తి పాడండి."

ఆ అమ్మాయి సిగ్గుపడుతూనే గొంతెత్తింది. పాట పైకి వెళ్లేకొద్దీ నరాలు ఉబ్బి, పట్టు బిగుసుకుని, గొంతు ఆగిపోయింది. చెల్లెలు మళ్లీ పాడించింది. పాడుతుండగానే సూదులు తీసి, కాస్త వదులిచ్చి, తిరిగి పెట్టింది. ఇన్నేళ్లూ నేను కదలకుండా నిలబడ్డ మెడకే కుట్టాను. పాడే మెడకు కుట్టాలని నాకెప్పుడూ తట్టలేదు. అసూయ పడాల్సిన మాట. నాకేమో గర్వంతో ఒళ్లు పొంగింది.

కుట్టు పూర్తయి గౌను వెళ్లిపోయాక టీ వచ్చింది.

"మెడా! టీ చల్లారిపోతోంది!" అన్నాడు మేస్త్రి.

అలవాటుకొద్దీ నేను లేవబోయాను. ఆయన గ్లాసు తీసుకెళ్లి చెల్లెలి మిషన్ మీద పెట్టాడు. అది బెదిరిపోయి నావైపు చూసింది.

"నన్ను చూస్తావేంటే? పిలిచింది నిన్నే," అన్నాను. తర్వాత మేస్త్రి వైపు తిరిగాను. "సోమవారం వచ్చేవాడికి చేతులు కుట్టడం వచ్చేమో కనుక్కోండి."

లేచి నా కుర్చీ దాని వైపు జరిపాను.